పాత అమెరికా మోటారుబండ్ల ఆయుర్దాయము

యంత్రము పుట్టిన కథను చెప్పువారు అనేకులు గలరు. దానిని కనిపెట్టినవాని పేరును, అది తయారైన కర్మాగారమును, మొదట నడచిన దినమును చరిత్రకారులు శ్రద్ధతో వ్రాసియుంచిరి. అది పాడైన పిమ్మట ఎవరు బాగుచేసిరి, ఏ వస్తువుతో బాగుచేసిరి, ఆ వస్తువు వారికెచ్చట దొరకెను అను కథను వ్రాసినవారు మాత్రము అరుదు. నేడు నేను మనవి చేయబూనినది ఆ రెండవ కథ. అందులకు అమెరికా సంయుక్తరాష్ట్రములలో తయారైన పాత మోటారుబండ్లను ఉదాహరణముగా గైకొందును. వానిలో కొన్ని పుట్టి నూరేండ్లు దాటినవి. కొన్నిటిని చేసిన కంపెనీలే నశించినవి. అయినను అవి నేటికిని బాటపై నడుచుచున్నవి. ఇది యెట్లు సాధ్యమయ్యెనో తెలిసికొనుట మోటారుబండి లేనివారికిని ప్రయోజనకరమే. పొలమున పంపుసెట్టో ట్రాక్టరో, ఇంట కుట్టుమిషనో యుంచుకొన్న ప్రతి గృహస్థునకును ఈ ప్రశ్న ఎప్పుడో యొకప్పుడు ఎదురగును.

ముందుగా మన యెడ్లబండిని తలచుకొందము. చక్రమునకు నడుమ కుండ, కుండలో దిగగొట్టిన ఆకులు, ఆకుల కొనలను కలుపు పూటీలు, పూటీలపై బిగించిన ఇనుపపట్టా, చక్రములను మోయు ఇరుసు, చక్రము జారిపోకుండ కడచీల, ముందునకు నొగలు, కాడి. ఈ పేర్లు పెద్దలకు నేను చెప్పవలసినవి కావు. ఒక యూరి వడ్రంగి చేసిన ఆకు మరియొక యూరి వడ్రంగి చేసిన కుండలో ఇమిడెడిది కాదు. ఇమడవలసిన యవసరమును లేకుండెను. ఆకు విరిగినయెడల ఆ వడ్రంగియే వచ్చి, కొలత చూచుకొని, తుమ్మకఱ్ఱ చెక్కి క్రొత్తది దిగగొట్టెడివాడు. పట్టా వదులైనయెడల కమ్మరి దానిని మంటలో కాచి, చక్రమునకు ఎక్కించి, నీరు పోసి బిగించెడివాడు. మధ్యమధ్య ఇరుసునకు కందెన పెట్టుట బండి తోలువాని పని. అనగా బండి ప్రాణము మనిషి చేతిలో నుండెను. ఆ మనిషి ఊరిలోనే యుండెను.

వస్తువునకు దీర్ఘాయువు కలుగుటకు ఇది యొక మార్గము. రెండవ మార్గము దీనికి కేవలము భిన్నమైనది. విరిగిన భాగము వంటి భాగమునే, వెంట్రుకవాసి భేదము లేకుండ, వేలకొలదిగా ముందే చేసి, అంగడిలో నుంచుట. అప్పుడు చేసినవాడు వేయి మైళ్ల దూరముననున్నను చిక్కులేదు. పనితెలిసిన వడ్రంగితోను పనిలేదు. పాతదానిని విప్పి, క్రొత్తదానిని బిగింపగలవాడు చాలును. అమెరికా మోటారుబండి ఈ రెండవ మార్గమును బట్టి పుట్టి పెరిగెను. కాలక్రమమున ఆ మార్గము మూసికొనిపోయినచోట్ల అది మరల మొదటి మార్గమునకు, అనగా కమ్మరి చేతికి, రావలసివచ్చెను. నా ప్రసంగమునకు సారాంశమిదియే.

ఒకే కొలతగల భాగములు చేయవలెనను తలంపు మోటారుబండ్లకంటె పాతది. అది మొదట తుపాకుల తయారీలో పుట్టెను. 1785లో అమెరికా రాయబారిగా పారిసునగరమున నున్న థామస్ జెఫర్సన్, అచ్చటి పనివాడొకడు తుపాకి తాళపు భాగములను ఒకే తీరున చేయుచుండుటను చూచెను. ఒక కుప్పలోనుండి ఒక్కొక్క భాగము చేతికందినట్లు తీసి కూర్చగా తాళము చక్కగా కుదిరినదని ఆయన తన దేశమునకు జాబు వ్రాసెను. యుద్ధభూమిలో తుపాకి పాడైనప్పుడు కమ్మరికొఱకు వెదకనక్కర లేకుండుట ఎంత లాభమో ఆయన వెంటనే గ్రహించెను. తరువాత అమెరికా ప్రభుత్వపు ఆయుధశాలలు అనేక సంవత్సరములు శ్రమించి ఈ పద్ధతిని సాధించినవి. మసాచుసెట్సు రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాల వానిలో ముఖ్యమైనది.

ఆ ఆయుధశాలలో, అమెరికా అంతర్యుద్ధ కాలమున, హెన్రీ లీలండ్ అను యువకుడు పనిచేసెను. 1843లో జన్మించిన ఈయన కొలత విషయమున మిక్కిలి పట్టుదల గలవాడు. వృద్ధాప్యము సమీపించుచుండగా డిట్రాయిటు నగరమున 1902లో కాడిలాక్ మోటారు కంపెనీని నెలకొల్పెను. ఆ బండ్లను ఇంగ్లాండులో అమ్ముచుండిన ఏజంటు 1908లో ఒక పరీక్షకు సిద్ధపడెను. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి పర్యవేక్షణలో, బ్రూక్‌లాండ్సు అను పందెపుబాట చెంత, మూడు కాడిలాక్ బండ్లను పూర్తిగా విప్పివేసిరి. ఒక్కొక్క బండిలో ఏడువందలకు పైబడిన భాగములుండెను. అన్నిటిని ఒకే రాశిగా కలిపివేసిరి. అంతటితో నూరకుండక ఆ రాశినుండి 89 భాగములను తీసి ప్రక్కన పెట్టి, వానికి బదులుగా అమ్మకపు కొట్టులోని విడిభాగములను కలిపిరి. పిదప పనివాండ్రు ఆ కుప్పనుండి మూడు బండ్లను మరల కూర్చిరి. పానాలును స్క్రూడ్రైవర్లును తప్ప వేరు పనిముట్టు పట్టరాదని నిబంధన. ఆకురాయితో నొక్కమారైనను రాయకూడదు. కూర్చిన మూడు బండ్లును కదలినవి. అవి 500 మైళ్లు పరుగిడి పరీక్షలో గెలిచినవి. ఇందులకై కాడిలాక్ కంపెనీకి డ్యూవర్ ట్రోఫీ అను గౌరవము లభించెను.

ఈ పరీక్షను చూచినవారికి ఒక సంగతి స్పష్టమయ్యెను. అంతకుముందు యూరపుఖండపు మోటారుబండి మన యెడ్లబండివలెనే ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ఉండెడిది. పనివాడు ఆకురాయితో రాచి రాచి ప్రతిభాగమును దాని చోటునకు సరిపెట్టెడివాడు. అట్టి బండి చూపునకు రమ్యము. కాని పాడైనయెడల దానిని చేసినవానియొద్దకే పోవలెను. కాడిలాక్ బండికి ఆ బాధ తొలగెను.

అదే 1908 అక్టోబరులో హెన్రీ ఫోర్డు తన టి నమూనా బండిని విడుదల చేసెను. కాడిలాక్ ధనికుల బండి. ఫోర్డుబండి రైతుబండి. 1913లో ఆయన హైలండ్ పార్కు కర్మాగారమున కదలెడి వరుసను ఏర్పాటుచేసెను. పనివాడు నిలిచిన చోటనే యుండగా బండి అతని యెదుటికి వచ్చును. అతడు తన భాగమును బిగింపగానే ముందునకు సాగును. అంతకుముందు బండి యడుగుభాగమును కూర్చుటకు పండ్రెండు గంటలు దాటెడిది. మరుసటి సంవత్సరమునకు అది గంట ముప్పదిమూడు నిమిషములకు దిగెను. తొలుత 850 డాలర్లుగానుండిన బండివెల క్రమముగా తగ్గి 1925 నాటికి, చిన్న రకమునకు, 260 డాలర్లయ్యెను. 1927లో తయారు నిలిపివేయునప్పటికి కోటి యేబది లక్షల బండ్లు అమ్ముడుపోయెను.

రైతు ఈ బండిని మక్కువతో కొనుటకు వెల యొక్కటియే కారణము కాదు. దానిని తానే బాగుచేసికొనవచ్చును. ఇరువది గుఱ్ఱముల బలముగల ఆ ఇంజనులో రైతునకు తెలియని రహస్యము అంతగా లేకుండెను. నీటిని త్రిప్పుటకు పంపు లేదు. వేడినీరు పైకి, చల్లనినీరు క్రిందికి తానే పోవును. పెట్రోలునకును పంపు లేదు. ఆసనము క్రిందనున్న తొట్టినుండి అది ఏటవాలున తానే ఇంజనునకు జారును. నిట్టనిలువు గుట్టనెక్కునప్పుడు తొట్టి ఇంజనుకంటె దిగువనైపోయి పెట్రోలు అందెడిది కాదు. అట్టిచోట రైతులు బండిని వెనుదిప్పి, వెనుకకు నడుపుచు గుట్టనెక్కెడివారు. గేర్ల పెట్టెలో నూలుపట్టీలు అరిగినప్పుడు పైమూత తీసి మరలు బిగించుకొనెడివారు, లేదా క్రొత్తపట్టీలు వేసికొనెడివారు. వెనుకచక్రము నొకదానిని పైకెత్తి, దానికి పట్టీ తగిలించి ఆ బలముతో కట్టెలు కోయు రంపమును ఆడించిన రైతులును గలరు. విడిభాగములకు నిర్ణీతమైన వెలలుండెను. ఫోర్డు ఏజంట్లు పల్లెపట్టణములందెల్ల నుండిరి. టపా ద్వారా సరకులమ్ము సియర్స్ రోబక్ వంటి పెద్దకంపెనీలు సైతము తమ జాబితాపుస్తకములలో ఫోర్డుబండి సామగ్రిని అచ్చువేసెడివి. జాబు వ్రాసినచో సామాను ఇంటికి వచ్చెడిది. టి నమూనా బండి 1927లో నిలిచిపోయినను దాని ఇంజనులను ఆ కంపెనీ 1941 ఆగస్టు వరకును చేయుచునే యుండెను. చేసి విడిచిన వస్తువునకు పదునాలుగేండ్లు ప్రాణము పోయుచుండుట సామాన్యవిషయము కాదు.

ఇంతలో వేరొక గాలి వీచెను. జనరల్ మోటార్సు కంపెనీకి అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోను, బండి పాడైన పిమ్మటనే జనులు క్రొత్తది కొనవలెనన్న నియమమేల యని తలపోసెను. ఏటేట బండి రూపు మార్చినచో, నడచుచున్న బండియే పాతదిగా తోచును. దానిని విడిచి క్రొత్తదానిని కొందురు. 1927లో ఆ కంపెనీ రంగులకును సొగసులకును ప్రత్యేకశాఖను నెలకొల్పి హార్లీ ఎర్లును దానికి పెద్దగా నియమించెను. నాటినుండి దీపముల ఆకారము, ముందుజాలి, తలుపుల అంచున మెఱయు లోహపుపట్టీ, వెనుకతోక, ఇవి సంవత్సరమునకొక తీరుగా మారజొచ్చినవి. 1950 దశకమున ఈ వేషము పరాకాష్ఠ నందెను.

దీని ఫలితము నేటి పాతబండ్ల యజమానులకు ప్రతిదినము అనుభవమునకు వచ్చుచున్నది. పై వేషము ఏటేట మారినను లోని ఇంజను అంత తరచుగ మారలేదు. షెవ్రొలే కంపెనీ 1929లో ఆరంభించిన ఆరు సిలిండర్ల ఇంజను వంశము, మార్పులతో, 1962 వరకు సాగెను. ఫోర్డువారి ఎనిమిది సిలిండర్ల పాతరకపు ఇంజను 1932నుండి 1953 వరకు అమెరికాలో తయారయ్యెను. షెవ్రొలేవారు 1955లో తెచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజను అనేక దశాబ్దములు నిలిచెను. కావున పిస్టను, వాల్వు, బేరింగు కావలసినవానికి లక్షలాది బండ్ల విడిభాగములు దిక్కగును. ఒకే యొక సంవత్సరమున వాడిన దీపపు చుట్టుకమ్మి కావలసినవాడు మాత్రము ఏండ్ల తరబడి వెదకవలెను. బండికి ప్రాణమైన భాగము సులభముగా దొరకుటయు, అలంకారము మాత్రము దొరకకుండుటయు చిత్రముగా తోచవచ్చును. అయినను ఇందు న్యాయమున్నది. అనేకులకు ఉపయోగపడు వస్తువు చిరకాలము నిలుచును. ఒక యేటి మోజుకై చేసినది ఆ యేటితోనే పోవును.

విడిభాగములకు మరియొక గని పాతయినుము దొడ్డి. నడువని బండ్లను కొని, వానిని విప్పి, పనికివచ్చు భాగములను అమ్ము వర్తకము అమెరికాలో విస్తారముగా పెరిగెను. అయితే ఏ సంవత్సరపు ఏ బండి యిరుసు మరి యే బండికి సరిపడునో యెట్లు తెలియును? దీనికై 1930 దశకమున హాలండర్ అను పేర భాగముల మార్పిడి పుస్తకము వెలువడెను. అందు ఒక్కొక్క భాగమునకు ఎదురుగా, అది యేయే బండ్లకు ఇమడునో ఆయా బండ్ల పేర్లు పట్టికగా నుండును. దొడ్డియజమానికి అది పంచాంగము వంటిది. మన వైద్యులు ఒక మూలిక దొరకనప్పుడు దానికి ప్రతినిధియగు మూలికను చూచునట్లు, ఆ వర్తకుడు దొరకని భాగమునకు ప్రతినిధిని ఈ పుస్తకమున చూచును.

రెండవ ప్రపంచయుద్ధము ఈ విద్యకంతకును పరీక్షాకాలమయ్యెను. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో ప్రజలకై మోటారుకార్ల తయారు నిలిచిపోయెను. కర్మాగారములు యుద్ధసామగ్రికి మరలినవి. టైర్లకును పెట్రోలునకును కట్టుబాట్లు వచ్చెను. గంటకు 35 మైళ్లకు మించి పోరాదని శాసించిరి. 1945 వరకు జనులు ఉన్నబండినే కాపాడుకొనవలసివచ్చెను. ఏటేట క్రొత్తది కొనుడని బోధించిన దేశమే ఆ నాలుగేండ్లు పాతదానిని బాగుచేసికొనుడని బోధించెను.

ఆ కష్టము మన దేశమునకును తగిలెను. జనరల్ మోటార్సువారు 1928నుండి బొంబాయిలో విడిభాగములను కూర్చి బండ్లుగా అమ్ముచుండిరి. ఫోర్డువారు 1926లోనే ఇచ్చట కంపెనీ నెలకొల్పిరి. అందుచేత మనవైపు బాటలపై తిరిగిన బస్సులలోను లారీలలోను షెవ్రొలే, ఫోర్డు బండ్లు పెక్కులుండెను. యుద్ధకాలమున పెట్రోలు కరవైనప్పుడు బస్సు వెనుక ఇనుపపొయ్యి అమర్చి, బొగ్గు కాల్చి, ఆ పొగవాయువుతో ఇంజనును నడిపిరి. బయలుదేరుటకు ముందు ఒకడు చెమటలు క్రక్కుచు గాలిచక్రమును త్రిప్పుచుండుటయు, ఎత్తు వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి నెట్టుటయు నేను పెద్దల నోట అనేకపర్యాయములు వినియున్నాను. పెట్రోలునకై చేసిన ఇంజను బొగ్గుతో నడచెనన్నచో, అది దానిని చేసినవారి గొప్పతనమెంతయో, నడిపినవారి నేర్పును అంతయే. యుద్ధానంతరము సైన్యము వదలిన జీపులును లారీలును వేలములో ప్రజలకు చేరెను. తరువాత, దేశములోనే భాగములను తయారుచేయని కంపెనీలు ఇక్కడ ఉండరాదని ప్రభుత్వము నిశ్చయింపగా, 1954లో జనరల్ మోటార్సువారు బొంబాయి కర్మాగారమును మూసిరి. ఫోర్డువారును ఆ రోజులలోనే వెడలిరి. ఉన్న బండ్లకు అటుపిమ్మట దిక్కు పాతయినుము వర్తకుడును, లేతుయంత్రపు పనివాడును. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల పేరుపొందిన మరమ్మతువిద్య ఇట్టి అవసరములనుండియే పెరిగినది.

కంపెనీయే మరణించినయెడల దాని బండ్లగతి యేమి? దీనికి స్టూడిబేకరు కథ చక్కని సమాధానము. ఇండియానా రాష్ట్రములోని సౌత్‌బెండులో 1852లో కమ్మరులైన అన్నదమ్ములిద్దరు కొలిమి పెట్టి గుఱ్ఱపుబండ్లు చేయ నారంభించిరి. వారి తమ్ముడు జాన్ కాలిఫోర్నియాకు బంగారమునకై పోయి, అచ్చట గనిపనివారికి తోపుడుబండ్లు చేసి అమ్మి, ఆ ధనముతో మరలివచ్చి వ్యాపారమున చేరెను. వారి బండ్లు అంతర్యుద్ధమున సైన్యమునకు ఉపకరించెను. తరువాత ఆ సంస్థ గుఱ్ఱపుబండ్ల తయారీలో ప్రపంచమున అగ్రస్థానమును పొందెను. 1902లో విద్యుచ్ఛక్తితో నడచు బండిని, 1904లో పెట్రోలు బండిని చేసిరి. ఎడ్లబండి వంటి బండినుండి మోటారుబండి వరకు ఒకే కుటుంబపు పేరుతో నడచిన సంస్థ అది. అయినను పెద్దకంపెనీల పోటీకి నిలువలేక 1963 డిసెంబరులో సౌత్‌బెండు కర్మాగారము మూతపడెను. 1966 మార్చిలో కెనడాలోని శాఖయు మూతపడెను. మిగిలిన విడిభాగముల రాసులను వర్తకులు కొని దశాబ్దములపాటు అమ్మిరి. 1962లోనే యేర్పడిన స్టూడిబేకరు యజమానుల సంఘము భాగముల జాడలను, మరమ్మతు కిటుకులను సభ్యులకు తెలుపుచు వచ్చెను. తల్లి పోయినపిమ్మట బిడ్డలను బంధువులు పెంచినట్లాయెను.

ఇట్టి సంఘములకు పెద్దది 1935లో ఫిలడెల్ఫియాలో స్థాపింపబడిన పురాతన మోటారుబండ్ల సంఘము. పెన్సిల్వేనియాలోని హెర్షీ యను ఊరిలో 1950 దశకము మధ్యభాగమునుండి ప్రతి శరదృతువునను జరుగు దాని కూటమునకు అనుబంధముగా విడిభాగముల సంత సాగును. మన పశువుల సంతను చూచినవారికి అది క్రొత్తగా తోచదు. విశాలమైన మైదానమున పట్టాలు పరచి తుప్పుపట్టిన దీపములు, చక్రములు, కార్బురేటర్లు, కొలతగడియారములు అమర్చుదురు. కొనువాడు చేత చీటీ పట్టుకొని వరుసవరుసల తిరుగుచు వెదకును. అచ్చట దొరకు సరకు మూడు విధములు. వాడి తీసినది ఒకటి. ఆ కాలమున చేసి, డబ్బాలోనే యుండిపోయిన వాడని పాతసరకు రెండవది. దీనికి వెల యెక్కువ. పాతదానిని మాదిరిగా పెట్టుకొని ఈ కాలమున చేసినది మూడవది. టి నమూనా ఫోర్డుకును దాని తరువాతి ఎ నమూనాకును నేటికిని అనేక భాగములు ఇట్లు క్రొత్తగా తయారగుచున్నవి. కోట్లలోను లక్షలలోను పుట్టిన బండ్లగుటచే కొనువారును ఎక్కువ. అందుచే చేయువారికి గిట్టుబాటగును.

అయినను కొన్ని పనులు అంగడిలో కొనదగినవి కావు. పాత ఇంజనులలో ఇరుసు తిరుగుచోట తెల్లని మెత్తలోహమును కరగించి పోసి, దానిని కొలతకు సరిగా తొలిచి బేరింగుగా చేసెడివారు. ఈ పోతపని తెలిసినవారు నేడు తగ్గిపోయిరి. 1950 దశకము నడిమివరకు పెక్కు బండ్ల బ్యాటరీలు ఆరు వోల్టులవి. పిమ్మట పండ్రెండు వోల్టులకు మారెను. పాతదీపములు మసకగా వెలుగుటకు తీగెల కీళ్లలోని తుప్పు తరచు కారణమగును. పెట్రోలులో సీసము కలుపు వాడుక అమెరికా బాటలపై 1996 నాటికి నిషిద్ధమైనది. ఆ సీసము వాల్వుల పీఠములను అరుగకుండ కాచుచుండెను. కావున పాత ఇంజనులకు గట్టిలోహపు పీఠములు వేయవలసివచ్చెను. పెట్రోలులో కలుపు సారాయివంటి ద్రవము పాతరబ్బరు గొట్టములను తినివేయును, వానిని మార్చవలెను. వీనినన్నిటిని తెలిసినవాడే నిజమైన మరమ్మతుకాడు. భాగము దొరకుట సగము పని. దానిని ఎచ్చట, ఎట్లు, ఎంత బిగువున పెట్టవలెనో తెలియుట మిగిలిన సగము.

ఇక భాగమే దొరకని దేశమునకు పోదము. అమెరికా దక్షిణతీరమునకు తొంబది మైళ్ల దూరమున క్యూబా ద్వీపమున్నది. 1959 జనవరికి పూర్వము అచ్చటి ధనికులు ఏటేట క్రొత్త షెవ్రొలే, బ్యూయిక్, ప్లిమత్, ఫోర్డు బండ్లను తెప్పించుకొనుచుండిరి. 1959లో ఫిడెల్ కాస్ట్రో నాయకత్వమున విప్లవము జయించెను. 1960 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము ఆ ద్వీపమునకు ఆహారౌషధములు తప్ప తక్కిన ఎగుమతులను నిషేధించెను. 1962 ఫిబ్రవరిలో వర్తకమంతయు నిలిచిపోయెను. ఆనాటినుండి దశాబ్దములపాటు క్యూబాకు వర్తకముద్వారా అమెరికా బండియు రాలేదు, బండిభాగమును రాలేదు. ఉన్నబండిని కాపాడుకొనుటకు వేరొక కారణము కూడ కలదు. 2011 వరకు ఆ దేశమున, విప్లవమునకు పూర్వపు బండ్లను మాత్రమే ప్రజలు తమలోతాము స్వేచ్ఛగా అమ్ముకొనుటకు కొనుటకు వీలుండెను. అందుచేత తాతబండి మనుమనికి ఆస్తియయ్యెను.

అట్టి బండ్లు సుమారు 60,000 మిగిలెనని సాధారణముగా అంచనా వేయుదురు. వాని గుండ్రని ఆకారమును బట్టి జనులు వానిని బాదముకాయలని ముద్దుగా పిలుచుదురు. అనేకములు నిర్ణీతమైన దారిలో జనులను ఎక్కించుకొనుచు బాడుగకు తిరిగెడివి. అమెరికా ఇంజను అరిగిపోగా సోవియట్ దేశపు వోల్గాబండి ఇంజనును, లేదా జపానుదేశపు డీజిలు ఇంజనును అందు కూర్చిరి. దానికి సరిపడు గేర్లపెట్టెను వేరొక బండినుండి తెచ్చిరి. ఎందును దొరకని భాగమును లేతుపనివాడు ఇనుపకడ్డీనుండి తొలిచి యిచ్చెను. తుప్పుతిన్న రేకును సుత్తితో కొట్టి మలచిరి. 1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమై ఇంధనము కరవైన దుర్దినములలో కూడ ఆ బండ్లను వదలలేదు. కాడిలాక్ పరీక్షలో ఆకురాయి ముట్టరాదని నియమముండెనని మనవి చేసితిని. క్యూబాలో ఆకురాయియే దిక్కయ్యెను. మర యొక్క యుగమున పుట్టిన బండి మరల కమ్మరి యుగమునకు చేరి, ఆ కమ్మరి చేతిలో బ్రతికెను.

ఇంజను మారి, గేర్లు మారి, చక్రములు మారిన ఆ బండిని ఇంకను షెవ్రొలే యనవచ్చునా యని కొందరు శంకింతురు. సంగ్రహకర్తల దృష్టిలో దానికి వెల తక్కువయే. కర్మాగారము విడచినప్పటి భాగములే యుండవలెనని వారి కోరిక. ఆ కోరికను నేను తప్పుపట్టను. చరిత్రను మార్పులేకుండ భద్రపరచువారును కావలయును. కాని మన యిండ్లలోని మాట గుర్తు తెచ్చుకొనుడు. ఇరుసు ఒకమారు, చక్రములు రెండుమారులు, నొగలు ఒకమారు మార్చినపిమ్మటను మనము దానిని తాతగారి బండి యనియే చెప్పుకొంటిమి. అది అబద్ధము కాదు. బండి యొక కుటుంబమునకు ఎడతెగక చేసిన సేవయే ఆ పేరునకు ఆధారము. హవానా వీధిలోని బండికిని అట్టి ఆధారము కలదు.

ఇప్పుడు మనకు సంబంధించిన మాట. నేటి క్రొత్తబండ్లలో ఇంజనును శాసించునది చిన్న గణనయంత్రము. ఏ భాగమున దోషమున్నదో అదియే చెప్పును. కాని ఆ భాషను చదువుటకు తగిన పరికరము కావలెను. పాతబండి ధ్వనిని బట్టి మేస్త్రి దోషము గ్రహించెడివాడు. క్రొత్తబండి చెంత అతడు మూగవానియెదుట నిలిచినట్లు నిలువవలసివచ్చుచున్నది. ఈ యిబ్బందిని గుర్తించి మసాచుసెట్సు రాష్ట్రము 2012లో ఒక శాసనము చేసెను. కంపెనీ తన స్వంత మేస్త్రులకు ఇచ్చు సమాచారమును బయటి మేస్త్రులకును న్యాయమైన వెలకు అందజేయవలెనని దాని తాత్పర్యము. రైతులును తమ ట్రాక్టర్లను తామే బాగుచేసికొనుటకు హక్కు కోరగా 2023లో కొలరాడో రాష్ట్రము వ్యవసాయయంత్రములకు అట్టి శాసనమునే చేసెను. నూరేండ్లక్రితము టి నమూనా బండి మూత తీసి తానే పట్టీలు బిగించుకొన్న రైతుయొక్క మనుమడు, అదే పనికై చట్టము నాశ్రయింపవలసివచ్చెను. ఇది ఆలోచింపదగిన విషయము.

పై చరిత్రనుండి నేను గ్రహించినది మూడుమాటలలో చెప్పుదును. యంత్రము కొనునప్పుడు దాని మెఱుగునకంటె ముందు దాని విడిభాగములు ఎచ్చట దొరకునో, దానిని విప్పగలవారు సమీపమున నున్నారో లేదో విచారింపవలెను. అనేకులవద్ద నున్న రకము, ఏండ్లతరబడి మారని రకము మేలు. రెండవది, యంత్రముతో వచ్చిన పుస్తకమును, అరిగి తీసివేసిన భాగమును పారవేయరాదు. దొరకని దినమున ఆ భాగమే మాదిరియగును. లేతుపనివానికి దానిని చూపినచో మరియొకటి చేసియిచ్చును. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. భాగములను కొట్టులో నిలువచేయవచ్చును గాని, చేతిలోని విద్యను నిలువచేయుటకు మరియొక చేయి తప్ప వేరు చోటు లేదు. ఊరిలో పంపు విప్పగల వృద్ధుడున్నయెడల, కొలిమి తెలిసిన చేయి యింకను మిగిలియున్నయెడల, వారిచెంత ఒక్క కుర్రవానినైనను కూర్చుండబెట్టవలెను. తెల్లలోహపు పోతపని తెలిసినవారు అమెరికాలో అరుదైనది, దానిని నేర్చుకొనగోరు యువకులు సకాలమున దొరకకుండుట చేతనే. మనయూళ్లలో బండిచక్రమునకు పట్టా ఎక్కింపగల కమ్మరులు ఎందరున్నారో పెద్దలు తమ యూరిలోనే లెక్కించి చూతురుగాక.